"నాలుగు రోజులు ఇంట్లనే ఉండనీ మేడం": ఆరో తరగతి గురించి అపోహలు - వాస్తవాలు

జూన్ 12న బడులు తెరుస్తారు. నెలాఖరుకల్లా నాకు ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి.

"మేడం, పిల్లగాడు బడికి రానంటుండు. పొద్దున లేస్తే కడుపు నొస్తుందంటడు. కొత్త కదా, భయపడ్డట్టున్నడు. నాలుగు రోజులు ఇంట్లనే ఉండనీ మేడం, తర్వాత వాడే వస్తడు."

ఒకసారి తల్లి, ఒకసారి నాయనమ్మ, ఒకసారి హైదరాబాద్‌లో పని మీద ఉన్న తండ్రి. గొంతు మారుతుంది కానీ మాట మారదు. ఈ ఒక్క మాట వల్ల మా ఆరో తరగతిలో జరిగే నష్టం తక్కువ మార్కుల వల్లా జరగదు, ఇంగ్లీష్ మీడియం వల్లా జరగదు. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం దీని గురించే చెబుతాను. మిగతావి తర్వాత గబగబా చెప్పేస్తాను.

నేను నల్లగొండ జిల్లాలో, దేవరకొండ వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ చెబుతాను. ఆరో తరగతి క్లాస్ టీచర్ బాధ్యత చాలా ఏళ్లుగా నాదే. అడిగి తీసుకున్నాను, ఎందుకంటే స్టాఫ్‌రూంలో అందరికీ టెన్త్ కావాలి. చుట్టుపక్కల ఊళ్ళు, తండాల ప్రైమరీ స్కూళ్ళలో ఐదు పూర్తిచేసినవాళ్ళు మా దగ్గరికి వస్తారు. అక్కడ వాళ్ళది ఒకటో రెండో గదుల బడి. ఒక టీచరో, ఇద్దరో. ఆ టీచర్‌కు పిల్లవాడి ఇంటి పేరే కాదు, వాళ్ళింట్లో బర్రె ఎప్పుడు ఈనిందో కూడా తెలుసు. ఇక్కడికి రాగానే ఆరు సబ్జెక్టులు, ఆరుగురు టీచర్లు, గంట కొట్టగానే మారిపోయే మొహాలు. హిందీ అక్షరాలు చాలామంది మొదటిసారి చూసేది ఇక్కడే. పక్కనే మీసాలు వచ్చిన పదో తరగతి అన్నలు. అక్కడ బడి మొత్తానికీ పెద్దవాడు, ఇక్కడికి రాగానే అందరికంటే చిన్నవాడు. భయం వేయకపోతేనే ఆశ్చర్యపోవాలి.

అపోహ: భయం తగ్గేదాకా ఇంట్లో ఉంచితే తర్వాత వాడే సర్దుకుంటాడు.

ఇది ప్రేమతో చేసే పని. కొట్టి పంపే తండ్రికి అది తప్పని మొహం మీదే చెప్పగలను. బిడ్డ ఏడుపు చూడలేక ఆపేసిన తల్లితో వాదించడం కష్టం. కానీ వాస్తవం వాస్తవమే: బడి మీది భయం బడిలోనే తగ్గుతుంది, ఇంట్లో తగ్గదు. ఇంట్లో ఉన్నంతసేపు అది కనిపించదు, అంతే.

పొద్దున ఏం జరుగుతుందో చూడండి. ఏడున్నరకు కడుపునొప్పి, ఎనిమిదిన్నరకు ఏడుపు. "సరే, ఇయ్యాల వద్దులే" అనగానే తొమ్మిదిన్నరకు నొప్పి మాయం, పదింటికి వీధిలో ఆట. అప్పుడు ఇంట్లోవాళ్ళే "దొంగ వేషాలు" అంటారు. వేషాలు కావు. ఆ నొప్పి నిజం. భయపడితే పేగుల కదలిక మారుతుంది, కడుపు పట్టేస్తుంది, కొందరికి వాంతి కూడా అవుతుంది. ఇంటర్వ్యూ గది బయట కూర్చున్న పెద్దవాళ్ళకూ ఇదే జరుగుతుంది. భయం పోగానే నొప్పి పోతుంది. దాంతో పిల్లవాడి ఒంటికి ఒకటే అర్థమవుతుంది: ఇంట్లో ఉంటే నొప్పి ఉండదు. మర్నాడు అదే నొప్పి ఇంకాస్త ముందే వస్తుంది, ఇంకాస్త గట్టిగా వస్తుంది.

ఇది ఇంటి వైపు కథ. బడి వైపు ఏం జరుగుతుందో తల్లిదండ్రులకు కనిపించదు కాబట్టి అది కూడా చెబుతాను. వాడు రాని మొదటి రోజే బెంచీ మీద వాడి చోట్లో ఇంకొకడు కూర్చుంటాడు. పక్కన కూర్చునేవాడికి వేరే జత దొరుకుతుంది. హిందీలో అచ్చులు అయిపోయి హల్లులు మొదలవుతాయి. మ్యాథ్స్ నోట్స్ నాలుగు పేజీలు, సోషల్ నోట్స్ మూడు పేజీలు వెనకబడతాయి. నాలుగో రోజు పొద్దున వాడి ముందు మొదటి రోజు భయం ఒక్కటే ఉండదు. ఇవన్నీ కూడా ఉంటాయి. బడి మానిన రోజులు చక్రవడ్డీలా పెరుగుతాయని నేను తల్లిదండ్రులకు చెప్పేది అందుకే. వడ్డీ సంగతి వాళ్ళకు నాకంటే బాగా తెలుసు.

వీటన్నిటికంటే పెద్దది ఇంకొకటి ఉంది. అది మా టీచర్ల చేతిలో ఉంది. నాలుగు రోజుల తర్వాత ధైర్యం చేసి వచ్చిన పిల్లవాడిని గుమ్మంలోనే నిలబెట్టి అడుగుతాం: "ఏం రా, ఇన్ని రోజులు ఎటు పోయినవ్?" క్లాసంతా తిరిగి చూస్తుంది. ఎవరో ఒకరు నవ్వుతారు. అడిగింది కోపంతో కాకపోవచ్చు, పలకరింపుగానే అడిగి ఉండొచ్చు. కానీ పదకొండేళ్ళవాడికి ఆ అర నిమిషం చాలు. తర్వాత పీరియడ్‌లో ఇంకో సార్ వచ్చి "నోట్స్ కంప్లీట్ చేసుకుని రా, అప్పటిదాకా బయట నిలబడు" అంటే ఇక మర్నాడు వాడు రాడు. మా బడిలో ఇప్పుడు ఆ ప్రశ్న అడగడం మానేశాం. స్టాఫ్ మీటింగ్‌లో దీని మీద గొడవే అయింది. "అడగకపోతే క్రమశిక్షణ ఎట్లా?" అని ఒకాయన. అడగాల్సింది పిల్లవాడిని కాదు సార్, ఇంటికి ఫోన్ చేసి పెద్దవాళ్ళను అడగండి, అది కూడా నాలుగో రోజు కాదు, మొదటి రోజు.

ఒక పిల్లవాడి సంగతి చెబుతాను. తండా నుంచి వచ్చేవాడు. అమ్మానాన్న హైదరాబాద్‌లో కూలి పనికి పోయారు, నాయనమ్మ దగ్గర ఉండేవాడు. రెండు వారాలు బాగానే వచ్చాడు. తర్వాత కడుపునొప్పి, జ్వరం, నాయనమ్మకు బాగాలేదు, ఇట్లా రోజుకో కారణం. నేను ఫోన్ చేస్తే నాయనమ్మ "రేపు పంపుత బిడ్డా" అనేది. ఆ రేపు దసరా సెలవుల దాకా సాగింది. వాడు మేకల వెంట పోతున్నాడని తెలిసి నేనూ, మా పీఈటీ సారూ వెళ్ళాం. మమ్మల్ని చూసి వాడు ఇంటి వెనక్కు పారిపోయాడు. నాయనమ్మ మాకు చాయ్ పెట్టింది, పిల్లవాడిని తిట్టింది, తన కొడుకును తిట్టింది, ప్రభుత్వాన్ని కూడా కాస్త తిట్టింది. గంట కూర్చున్నాక వాడే వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పీఈటీ సార్ బడి మాట ఎత్తకుండా మేకల గురించి అడుగుతూ పోయారు. చివరికి బయటపడింది ఏమిటంటే, బాత్రూం. ఇంటర్వెల్‌లో అక్కడ పెద్ద క్లాసులవాళ్ళు గుంపుగా నిలబడతారు, చిన్నవాళ్ళను ఆటపట్టిస్తారు. వీడు రోజంతా ఆపుకుని, అందుకని నీళ్ళు తాగడం కూడా మానేసి, సాయంత్రం నాలుగు దాటాక పరుగెత్తి పొలంలోకి పోయేవాడు. ఒకరోజు ఆపుకోలేకపోయాడు. అదీ సంగతి. చదువు కాదు, హిందీ కాదు, ఇంగ్లీష్ కాదు.

దానికి మందు ఏముంది? ఆరో తరగతికి ఇంటర్వెల్ ఐదు నిమిషాలు ముందు ఇవ్వడం. అంతే. పైసా ఖర్చు లేదు. కానీ నాలుగు రోజులు ఇంట్లో ఉంచితే, నలభై రోజులు ఉంచినా, ఆ బాత్రూం దగ్గర గుంపు అట్లాగే ఉంటుంది. వాడిని మళ్ళీ తేవడానికి అదే తండాకు చెందిన పదో తరగతి అమ్మాయిని అడిగాం. పొద్దున వాడిని వెంటబెట్టుకుని ఆటో ఎక్కించి తెచ్చేది. మొదట్లో వచ్చి రెండు పీరియడ్లు, మధ్యాహ్నం భోజనం, ఆ తర్వాత ఇల్లు. పాత నోట్స్ ఎవరూ అడగలేదు. మెల్లగా పూర్తి రోజు ఉండటం మొదలుపెట్టాడు. ఇప్పుడు తొమ్మిదిలో ఉన్నాడు. హిందీ అంటే ఇప్పటికీ మొహం ముడుస్తాడు, అది వేరే విషయం.

దీనికి పూర్తిగా తిరగబడిన కేసు ఇంకొకటి. ఒక తల్లి మొదటి రోజే, పొద్దున ఎనిమిదింటికే ఫోన్ చేసింది. పాప ఏడుస్తోంది, పంపాలా వద్దా? లేటైనా పర్లేదు, తీసుకుని రండి అన్నాను. రెండో పీరియడ్‌లో వచ్చారు. సాయంత్రానికి తెలిసింది, మా మ్యాథ్స్ సార్ గొంతంటే భయమట. ఆయన గొంతే అంత. మంచినీళ్ళు అడిగినా మైకులో అడిగినట్టుంటుంది. ఆయనకు విషయం చెబితే పాపం చాలా నొచ్చుకున్నారు. మర్నాడు ఆ పాపను బోర్డు తుడవడానికి పిలిచి, పేరు పెట్టి మాట్లాడారు. వారం తిరక్కుండానే ఆ పిల్ల ఆయన గొంతును అనుకరించి క్లాసును నవ్వించింది. రెండు కేసుల్లోనూ కారణం చిన్నదే. ఒకరు మొదటి రోజు చెప్పారు, ఇంకొకరు చెప్పలేదు.

అయితే ఏం చేయాలి? మొదట, కడుపునొప్పిని డాక్టర్‌కు ఒకసారి చూపించండి. జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్రలోంచి లేపేంత నొప్పి, వాంతులు ఆగకపోవడం, విరేచనంలో రక్తం, మూత్రానికి పోతే మంట, ఇవేవైనా ఉంటే అది బడి భయం అని మీరే తేల్చేయకండి. సెలవు రోజుల్లో కూడా అదే నొప్పి వస్తోందా అన్నది కూడా గమనించండి. ఇవేవీ లేవని డాక్టర్ చెప్పాక మాత్రం నొప్పి ఉన్నా బడికి రావచ్చు. "నొప్పి లేదు, నటిస్తున్నావ్" అనకండి. "నొస్తోందని తెలుసు, అయినా పోదాం, ఎక్కువైతే మేడంకు చెప్పు" అనండి. ఈ రెండు మాటలకూ చాలా తేడా ఉంది.

కారణం పొద్దున అడగకండి. యూనిఫాం వేస్తూ, జడ వేస్తూ "ఎందుకు పోనంటున్నవ్, ఎవరేమన్నరు, చెప్తవా చెప్పవా" అంటే ఏ పిల్లా చెప్పదు. సాయంత్రం, చిక్కుళ్ళు ఒలుస్తూనో, బర్రెకు గడ్డి వేస్తూనో అడగండి. "ఎందుకు" అని కూడా వద్దు. ఇయ్యాల అన్నం ఎవరి పక్కన కూర్చుని తిన్నవ్? బాత్రూంకు పోయినవా? ఏ పీరియడ్ తొందరగా అయిపోతే బాగుండనిపించింది? ఈ మూడు ప్రశ్నలకు వచ్చే జవాబుల్లోనే చాలాసార్లు అసలు విషయం దొరుకుతుంది. అన్నం ఎవరి పక్కనా కాదు అన్నాడంటే ఆ సాయంత్రమే క్లాస్ టీచర్‌కు చెప్పండి.

పూర్తి రోజు ఉండలేకపోతే సగం రోజు, అదీ కుదరకపోతే రెండు పీరియడ్లు. లేటుగా రావడం రాకపోవడం కంటే వెయ్యి రెట్లు మేలు. ఈ మాట బడులు కూడా వినాలి. జూన్, జూలైల్లో ఆరో తరగతి పిల్లలు ఆలస్యమైతే గేటు బయట నిలబెట్టకండి. ఆ పిల్లవాడు గేటు దాకా రావడానికి ఇంట్లో ఎంత యుద్ధం జరిగిందో మనకు తెలియదు.

ఇంకొకటి, పిల్లవాడిని బడికి అప్పగించకండి, ఒక మనిషికి అప్పగించండి. గేటు దగ్గర దింపి బండి తిప్పుకుని పోతే వాడికి ఎదురుగా కనిపించేది పెద్ద గ్రౌండూ, పరుగెత్తే గుంపూ. మొదటి కొన్నాళ్ళు ఫలానా మేడం, ఫలానా అక్క, చివరికి వంట చేసే అమ్మ అయినా సరే, ఒక మొహం వాడి కోసం ఎదురుచూడాలి. మా బడిలో ప్రతి కొత్త పిల్లకూ అదే ఊరి ఎనిమిదో తొమ్మిదో తరగతి పిల్లను జతచేస్తాం. ఆడపిల్లకు ఆడపిల్లనే. క్లాసులో మొదటి ర్యాంకువాళ్ళను మాత్రం పెట్టం. వాళ్ళకు ఓపిక తక్కువ. ఒకప్పుడు తామే ఏడ్చినవాళ్ళు ఈ పని బాగా చేస్తారు.

ఒకవేళ ఆ రోజు ఇంట్లోనే ఉండిపోయాడనుకోండి. ఫోన్ ఇవ్వకండి, టీవీ వద్దు. ఇది శిక్ష అని చెప్పక్కర్లేదు. బడి టైంలో బడి పనే, ఇంట్లో కూర్చుని పుస్తకం తీయాలి, అంతే. బడి మానితే రోజంతా రీల్స్ చూడొచ్చని తెలిశాక వాడిని మళ్ళీ బయలుదేరదీయడం నాకూ మీకూ చేతకాదు. సెలవుల తర్వాత జాగ్రత్త. సోమవారాలు, దసరా తర్వాత మొదటి రోజు, సంక్రాంతి తర్వాత మొదటి రోజు. బాగైపోయిందనుకున్న పిల్లలకు కూడా ఈ రోజుల్లో నొప్పి తిరిగి వస్తుంది. కంగారు పడకండి, ఆ ఒక్క పొద్దున గట్టిగా నిలబడండి.

ఆడపిల్లల విషయంలో ఇంకో రకం "నాలుగు రోజులు" ఉంది. ఆరు, ఏడు తరగతుల్లోనే చాలామంది పెద్దమనిషి అవుతారు. అప్పుడు పదకొండు రోజులనీ, ఇరవయ్యొక్క రోజులనీ, ఫంక్షన్ అయ్యేదాకా అనీ ఇంట్లో కూర్చోబెడతారు. మీ ఆచారం గురించి నేను మాట్లాడను. కానీ కొత్త బడిలో ఇంకా కుదురుకోని పిల్లను అన్నాళ్ళు ఆపితే ఆమె మళ్ళీ మొదటి రోజు దగ్గరికి వెళ్ళిపోతుంది. పైగా ఎందుకు రాలేదో క్లాసులో అందరికీ తెలుసని ఆమెకు సిగ్గు. ఫంక్షన్ ఆదివారం పెట్టుకోండి. పిల్లను సోమవారం పంపండి. బడిలో ఒక మేడంకు ముందే చెప్పి ఉంచండి, ప్యాడ్‌లు ఎక్కడుంటాయో ఆమె చూపిస్తుంది.

మరి ఎప్పుడూ ఆపకూడదా? ఆపాలి. జ్వరం, అంటుకునే జబ్బులు సరే. బడిలో ఎవరైనా కొడుతున్నారని, ఒంటి మీద చేయి వేస్తున్నారని పిల్ల చెప్పినా, చెప్పకుండా దెబ్బలు కనిపించినా, అది సర్దుకోవాల్సిన భయం కాదు. అది నిజమైన ప్రమాదం. అప్పుడు పిల్లను ఆ మనిషి ముందుకు మళ్ళీ పంపకండి. హెడ్‌మాస్టర్‌తో మాట్లాడండి, 1098కి ఫోన్ చేయండి. అది 24 గంటలూ పనిచేసే చైల్డ్ హెల్ప్‌లైన్. లైంగిక వేధింపు అయితే 2012 పోక్సో చట్టం ఉంది. విషయం తెలిసిన టీచర్ పోలీసులకు చెప్పకపోవడం కూడా నేరమే. పరువు, ఊరు, పెళ్ళి అని ఆగకండి.

ఇక మిగతావి.

అపోహ: ఇక్కడ పడటం లేదు, టీసీ తీసుకుని వేరే బడిలో వేస్తే అంతా బాగవుతుంది.

నాలుగు రోజుల తర్వాత వచ్చే రెండో ఆలోచన ఇది. టీసీ మీ హక్కు. విద్యాహక్కు చట్టం ప్రకారం అడిగిన వెంటనే ఇవ్వాలి, టీసీ ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకుండా ఉండకూడదు. కానీ భయానికి కారణం తెలుసుకోకుండా బడి మారిస్తే ఆ భయం కూడా పిల్లవాడితో పాటే వెళుతుంది. మొదటి రెండు నెలల్లో టీసీ తీసుకున్న ప్రతి ఇంట్లోనూ నేను ముందు అడిగేది, వాడు దేనికి భయపడుతున్నాడో మీకు తెలుసా అని. చాలామందికి తెలియదు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ రోజుల్లో పిల్లల వివరాలన్నీ యూడైస్ ప్లస్‌లో, అంటే బడుల వివరాలు ఉండే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డులో ఉంటాయి. ఒక బడి నుంచి తీసేసిన పేరు ఇంకో బడి చేర్చుకునేదాకా డ్రాప్ బాక్స్ అనే చోట ఉంటుంది. చూద్దాంలే, దసరా తర్వాత చేర్పిద్దాంలే అనుకునే ఇళ్ళ పిల్లలు అక్కడే ఉండిపోతారు. ఏ బడికీ వాళ్ళ మీద బాధ్యత ఉండదు, ఏ టీచరూ ఫోన్ చేయరు. టీసీ తీసుకోవాల్సి వస్తే అదే రోజు, లేదంటే మర్నాడు కొత్త బడిలో చేర్పించండి.

అపోహ: రెండు తగిలిస్తే గాడిలో పడతాడు.

చట్టం సంగతి ముందు చెబుతాను, వినేవాళ్ళు దానికైనా వింటారని. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అయినా ఇప్పటికీ తండ్రులు నా దగ్గరికి వచ్చి "చర్మం ఒలవండి మేడం, నేనేం అనను" అంటారు. నేను అంటాను. బడి అంటే భయపడుతున్న పిల్లవాడిని బడి గురించి కొడితే వాడికి బడి మీద రెండు భయాలు అవుతాయి. ఇందులో వాదించడానికి ఏముందో నాకు అర్థం కాదు.

అపోహ: ఐదులో ఫస్ట్ వచ్చాడు కాబట్టి వాడికేం ఇబ్బంది ఉండదు.

ఉంటుంది, ఒక్కోసారి అందరికంటే ఎక్కువ. ఏడుగురిలో ఫస్ట్ వచ్చినవాడు నలభై మందిలో పన్నెండోవాడు అయినప్పుడు వాడికి కలిగేది మామూలు బాధ కాదు. ఎఫ్ఏ-1 (ఏడాదిలో మొదటి చిన్న పరీక్ష) పేపర్లు ఇచ్చిన రోజు నేను మార్కులు పైకి చదవను, ఎవరి పేపర్ వాళ్ళ చేతిలో పెడతాను. ఎఫ్ఏ-1 చూసి ట్యూషన్లు, తిట్లు మొదలుపెట్టే ఇళ్ళకు నా మాట ఒక్కటే. అది వాడి తెలివికి వచ్చిన మార్కు కాదు. గంటకో టీచర్, సబ్జెక్టుకో నోటుబుక్కు, బోర్డు మీది రాత త్వరగా ఎక్కించుకోవడం, ఇవి ఇంకా అలవాటు కాలేదని చెప్పే మార్కు. ఎస్ఏ-1, అంటే అర్ధ సంవత్సర పరీక్షల దాకా ఆగండి. ఈలోపు చేయగలిగింది టైంటేబుల్‌ను గోడకు అంటించి, రాత్రే బ్యాగు సర్దించడం. కొందరు భయంతో రోజూ అన్ని పుస్తకాలూ మోసుకొస్తారు. బ్యాగు బరువు పిల్లవాడి బరువులో పదో వంతు దాటకూడదని 2020 బ్యాగు పాలసీ చెబుతుంది. మా పిల్లల బ్యాగులు మీరే ఒకసారి ఎత్తి చూడండి.

అపోహ: నెమ్మదిగా, నోరు మెదపకుండా కూర్చుందంటే బుద్ధిగా ఉన్నట్టే.

అల్లరి చేసేవాడిని అందరూ చూస్తారు, ఏడ్చేదాన్ని కూడా చూస్తారు. మూల బెంచీలో కిక్కురుమనకుండా కూర్చున్న పిల్లను ఎవరూ చూడరు. నేను అనుమానించేది ఆ పిల్లనే. భోజనం దగ్గర గమనించండి. మధ్యాహ్న భోజనంలో ప్రైమరీ పిల్లలకు రోజుకు 100 గ్రాముల బియ్యం లెక్క, ఆరు నుంచి 150 గ్రాములు. అంటే ఈ వయసులో ఆకలి పెరగాలి. పళ్ళెంలో అన్నం కెలికి పారేస్తోందంటే కూర బాగాలేక కావచ్చు (అది కూడా నిజమే, కొన్ని రోజులు), పక్కన ఎవరూ లేక కూడా కావచ్చు.

అపోహ: ఇంగ్లీష్ మీడియం వల్లే పిల్లలు భయపడి మానేస్తున్నారు.

కొంత ఉంది. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీష్ మీడియం వచ్చింది. కానీ పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీష్, ఎదుటి పేజీ తెలుగు. తెలుగు పేజీ చదవడం తప్పు కాదు, అందుకే అచ్చు వేశారు. "ఇంగ్లీష్ వైపే చూడు" అని ఆ పేజీ మూసేసే టీచర్లకు ఇంతకంటే ఏం చెప్పను.

అపోహ: బస్సు ఫ్రీ కదా, ఇంకేం ఇబ్బంది?

విద్యాహక్కు నిబంధనల్లో ప్రైమరీ బడి కిలోమీటరు లోపు, ఆరు నుంచి ఎనిమిది తరగతుల బడి మూడు కిలోమీటర్ల లోపు ఉండాలని ఉంది. కానీ మా దగ్గర చాలామందికి నడిచి పోయే దూరం పోయి బస్సు వచ్చింది. 2023 డిసెంబర్ నుంచి మన రాష్ట్రంలో ఆడపిల్లలకు ఆర్టీసీ బస్సు ఉచితం, మంచిదే. కానీ పొద్దున బస్సులో కాలు పెట్టే చోటుండదు. పదేళ్ళ పిల్ల ఆ రద్దీలో ఒంటరిగా ఎక్కలేక రెండు బస్సులు వదిలేసి ఇంటికి తిరిగి పోతుంది. అది బడి భయం కాదు, బస్సు భయం. అదే ఊరి పెద్దపిల్లలతో కలిపి పంపితే చాలాసార్లు తీరిపోతుంది.

అపోహ: కౌన్సెలింగ్ అంటే పిచ్చివాళ్ళకు.

కాదు. నిద్ర పట్టకపోవడం, పక్క తడపడం మళ్ళీ మొదలవడం, చచ్చిపోతాననే మాటలు, తనను తాను గాయపరచుకోవడం, ఇవి ఉంటే క్లాస్ టీచర్ సరిపోదు. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. 2022 అక్టోబర్‌లో మొదలైంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు, రాత్రైనా ఎత్తుతారు. చచ్చిపోతానన్న మాటను "ఊరికే అంటాడు" అని వదిలేయకండి. ఆ రాత్రి పిల్లవాడిని ఒంటరిగా ఉంచకండి.

ఇప్పటికే నెలో రెండు నెలలో మానేసిన పిల్లలున్న ఇళ్ళకు ఒక మాట. "ఇంత గ్యాప్ వచ్చింది, ఇక ఈ ఏడాది వదిలేద్దాం, వచ్చే జూన్‌లో మళ్ళీ ఆరులో వేద్దాం" అని కొందరు అనుకుంటారు. వద్దు. వచ్చే జూన్‌కు వాడు పనికి అలవాటు పడతాడు, వాడి జతవాళ్ళు ఏడుకు పోతారు. పద్నాలుగేళ్ళ లోపు పిల్లవాడు ఏడాది మధ్యలో వచ్చినా చేర్చుకోవాలి, చట్టమే చెబుతోంది. సోమవారం కాకుండా గురువారం పంపండి. రెండు మూడు రోజులకే ఆదివారం వస్తుంది, వాడికి తేలిగ్గా ఉంటుంది. ముందు రోజు సాయంత్రం, పిల్లలు వెళ్ళిపోయాక, ఒకసారి ఖాళీ క్లాసుకు తీసుకొచ్చి కూర్చునే చోటు చూపించండి. వెనకబడిన నోట్స్ సంగతి మేం చూసుకుంటాం. వాడి చేతికి ఒక కొత్త నోటుబుక్కూ పెన్నూ ఇచ్చి పంపండి, చాలు.